నేను పిలవని పిలుపు

ఆ పిలుపు వార్త నాకు మొదట తెచ్చింది నాంచారమ్మ. కైకలూరు అవతల, కొల్లేటి వైపు చేపల చెరువు కౌలుకు చేస్తుంది. ఈ పొద్దున కూడా వచ్చి వెళ్లింది. వరండాలో గోనెసంచి బోర్లించగానే కొబ్బరికాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నా కుర్చీ దాకా దొర్లుకుంటూ వచ్చాయి. పచ్చి పీచు వాసన, దాని వెనకే చెరువు గట్టు బురద వాసన. మా ఇంట్లో చేప వండరని తెలుసు గనక, గట్టు మీద కాసిన కాయలు తెచ్చి పోస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా విజయవాడలో సగం నీళ్లలో మునిగిన ఆ ఏడు నా కళ్ల ముందుకు వస్తుంది. అప్పుడూ ఇలాగే సంచి బోర్లించి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఆ వేళ నువ్వు పిలవకపోతే నా బతుకు చెరువులోనే కలిసిపోయేదమ్మా" అంది. నేను ఆమెను పిలవలేదు. పిలిచే స్థితిలో కూడా లేను. ఆ పిలుపు ఎక్కడి నుంచి వెళ్లిందో చెప్పాలంటే విశాలాక్షి గారి గురించి చెప్పాలి. ఆవిడను ఎరగని మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరి బడి కాలవకు అవతల ఉండేది. ఎడమ కాలు సరిగా నిలవని పిల్లను రోజూ బల్లకట్టు ఎక్కించడం ఇష్టం లేక అమ్మ నన్ను ఇంట్లోనే చదివించింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టాను, కంప్యూటరు చదువూ అలా ఇంటి నుంచే పూర్తయింది. ఉద్యోగం కోసం మొదటిసారి విజయవాడ వన్ టౌన్ వెళ్లినప్పుడు ఆ ఆఫీసు ఒక మిరపకాయల హోల్‌సేల్ కొట్టు పైన ఉందని తెలిసింది. మెట్లు నిటారుగా ఉన్నాయి. సగం ఎక్కి, తుమ్ములు ఆపుకోలేక అక్కడే కూర్చున్నాను. పైనుంచి ఒక పెద్దావిడ దిగి వచ్చారు. మంగళగిరి నేతచీర, మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకున్న గడియారం, పెద్ద గొంతు. నన్ను పైకి రమ్మనకుండా నా పక్కన అదే మెట్టు మీద కూర్చున్నారు.

"ఏ స్కూలమ్మా నీది?"

"ఇంట్లోనేనండీ. మా అమ్మే చెప్పింది."

"మరి తప్పులు చేస్తే ఎవరు దిద్దేవారు?"

"నేనేనండీ. అమ్మ వంటింట్లోంచి 'మళ్లీ చూసుకో' అనేది. ఎక్కడ తప్పో మాత్రం చెప్పేది కాదు."

ఆవిడ నా మొహంలోకి చూసి పకపకా నవ్వారు. "నేను ఇరవయ్యేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీలో చేసి, ఇప్పుడు ఇక్కడ లక్ష తిప్పలు పడుతున్నది అలాంటి మిషను కోసమే తల్లీ. రేపట్నుంచి రా. మెట్లు నీ ఇష్టమొచ్చినంత నెమ్మదిగా ఎక్కు. తుమ్ములు మాత్రం అలవాటవ్వాలి."

మా పని ఏమిటో కూడా చెప్పాలి. మీరు ఫోనులో ఒక దుకాణం పేజీయో, బస్సు టిక్కెట్ల పేజీయో తెరుస్తారు. ఆ పేజీ ఎక్కడో ఒక గదిలో, రాత్రింబవళ్లు నడిచే సర్వర్లనే కంప్యూటర్లలో ఉంటుంది. అలాంటి గది ఒకటి మాది. మంగళగిరి చీరల వ్యాపారులవీ, వన్ టౌన్ కొట్లవీ పేజీలు మా దగ్గర ఉండేవి. వాటితోపాటు చెరువుల పనీ ఉండేది. చెరువు నీళ్లలో పెట్టిన పరికరం ప్రాణవాయువు ఎంతుందో మా సర్వరుకు చెబుతూ ఉంటుంది. ముసురు పట్టి ఎండ లేకపోతే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి. వెంటనే నీటిని చిలికే ఏరేటర్లు వేస్తే బతుకుతాయి, లేకపోతే చెరువు చెరువంతా పోతుంది. అందుకని మోతాదు తగ్గిన క్షణాన సర్వరు రైతుకు ఫోను చేస్తుంది. ఆ ఫోనులో వినపడే గొంతు నాదే. 'ఆక్సిజన్ తగ్గుతోంది, ఏరేటర్లు వెయ్యండి' అని ఒకసారి చెప్పించి దాచారు. "పద్యం చదివిన గొంతు, నిద్రలో విన్నా కోపం రాదు" అన్నారు విశాలాక్షి గారు.

ఆ రోజుల్లో సర్వరు మొరాయిస్తే మనిషి వెళ్లి మళ్లీ లేపాల్సిందే. కార్తికంలో ఒక ఆదివారం ఆఫీసంతా కృష్ణ ఒడ్డుకు వనభోజనాలకు వెళ్లాం. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేశారు. కరెంటు, జనరేటరు పనులు చూసే కోటేశ్వరరావు గారు పులిహోర వడ్డిస్తూ అందరినీ వేళాకోళం చేస్తున్నారు. ఫోన్లన్నీ సంచుల్లో ఉన్నాయి. మా నెత్తి మీద ఊరికే మబ్బు, కొల్లేటి మీద మాత్రం పొద్దుటి నుంచీ ముసురు. సర్వరు ఎప్పుడు స్తంభించిందో ఎవరూ చూడలేదు. నాంచారమ్మకు ఫోను వెళ్లలేదు.

మర్నాడు విశాలాక్షి గారు మమ్మల్నందరినీ కారెక్కించి ఆ చెరువుకు తీసుకెళ్లారు. నీళ్లు కనపడలేదు. బొచ్చెలు, శీలావతులు, తెల్లటి పొట్టలు పైకి తేలి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుని ఉన్నాయి. నాంచారమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "ఫోనొస్తుందన్నారు కదమ్మా, అందుకే ఇంట్లో ఉన్నాను" అంది. అంతే. ఇంకో పంట పోతే చెరువు వదిలేసి మళ్లీ కూలికి పోవాల్సిందేనని పక్కవాళ్లు చెప్పారు. కోటేశ్వరరావు గారు, "ఆ రోజు నేను ఆఫీసులో ఉండాల్సింది" అని ఏదో మొదలుపెడితే విశాలాక్షి గారు చేత్తో ఆపారు. "మనిషన్నాక భోజనానికి వెళ్తాడు, నిద్రపోతాడు. అది తప్పు కాదు. మనిషి కన్ను ఆర్పకూడదన్న ఏర్పాటు పెట్టుకున్నాం చూడండి, అదీ తప్పు. అది నాది." తరవాత బురదలోకి దిగి నాంచారమ్మ పక్కన కూర్చుని, "ఇంకోసారి నీ చెరువు చావదు. నేనున్నా, లేకపోయినా" అన్నారు. ఆవిడ ఇచ్చిన మాటలన్నిటిలోకీ నాకు గుర్తున్నది ఇదే. ఆ తరవాత మేం చేసిన ప్రతి పనీ ఈ మాట వెనకే నడిచింది.

ఆవిడ కట్టదలచుకున్నది తనను తాను చూసుకునే ఏర్పాటు. ప్రతి సర్వరూ పక్క సర్వరు నాడి చూస్తూ ఉంటుంది. నాడి అందకపోతే దాని పని తను అందుకుంటుంది. పడిపోయినదాన్ని పక్కన పెట్టి, మళ్లీ లేపి, నిలబడితే పనిలోకి పిలుస్తుంది, నిలబడకపోతే పిలవదు. గిరాకీ పెరిగితే ఇంకో సర్వరును తోడు తెచ్చుకుంటుంది. ఒకే చోట అన్నీ ఉంటే ప్రమాదమని హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్కన టైర్ల కొట్టు మేడ మీద ఇంకో గది తీసుకున్నారు. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాకు ఏళ్లు పట్టింది. మొదట్లో రెండు సర్వర్ల మధ్య మాట తెగితే, ఎదుటిది చచ్చిపోయిందనుకుని రెండూ ఒకే పని మొదలుపెట్టేవి. నాంచారమ్మ ఫోను చేసి నన్ను కడిగేసింది.

"ఏమమ్మా, ఒకటే మాట రెండుసార్లు చెబుతున్నావు, నాకేమన్నా చెవుడనుకున్నావా? మా అత్త కూడా ఇంత చెప్పేది కాదు!"

విశాలాక్షి గారికి ఈ మాట చెబితే కడుపు పట్టుకుని నవ్వారు. "ఇద్దరుంటే తగువు. మూడోవాణ్ణి కూర్చోబెట్టండి, పంచాయతీ అవుతుంది" అన్నారు. అప్పట్నుంచీ మూడింట రెండు ఒప్పుకుంటే గాని ఏ సర్వరూ పక్కదాన్ని పోయిందనుకోకూడదని పెట్టాం. పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు కూడా ఈ దారినే పోతారని నాకు తరవాత తెలిసింది. మాకు మాత్రం నాంచారమ్మ తిట్టుతో వచ్చింది.

అది మొదటిసారి తనంతట తాను లేచి నిలబడటం మేం చూసింది దసరాల్లో. ఆయుధపూజ నాడు కోటేశ్వరరావు గారు పట్టుపట్టి సర్వర్లకు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, గదినిండా సాంబ్రాణి వేశారు. హారతి ఇచ్చి కళ్లకద్దుకుంటున్నాం. మధ్య సర్వరు గాలి పీల్చే చోట దండ తెగి, రేకులన్నీ లోపలికి పోయాయి. ఫ్యాను గుర్రుమని అరిచింది. వేడి ఎక్కుతోందని తెర మీద ఎర్రగా వచ్చింది. కోటేశ్వరరావు గారు పళ్లెం కింద పెట్టి అటు ఉరికారు. విశాలాక్షి గారు ఆ సర్వరుకు అడ్డం నిలబడి, "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు. మేం చూస్తుండగానే ఆ సర్వరు తన దగ్గరున్న పేజీలన్నీ పక్కవాటికి అప్పజెప్పింది, తనను తాను ఆపుకుంది. ఫ్యాను చప్పుడు సద్దుమణిగింది. ఒక్క చీర పేజీ కూడా ఆగలేదు. రేకులు ఏరి పారేశాక, తనంతట తనే లేచి, తన పని తను తీసుకుంది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"కోటేశ్వరరావు గారూ, మహిషాసురుడు కూడా ఇంత తొందరగా పడి ఉండడండీ. వచ్చే ఏడు అక్షింతలతో సరిపెట్టండి" అన్నారావిడ. ఆయన ఆ రోజంతా ఎవరికీ కనపడలేదు. మర్నాడు వచ్చి, అమ్మవారే పరీక్ష పెట్టిందని వాదించారు. నేను లోలోపల ఆయన పక్షమే.

అంత చూసినా నాకు నమ్మకం కుదరలేదు. పొద్దున్నే వచ్చి తెర ముందు కూర్చుని, ఏ సర్వరన్నా కాస్త మందగించినట్టు కనపడితే అది కోలుకునే లోపే నేనే లేపేదాన్ని. గట్టు మీద చూసిన తెల్లటి పొట్టలు నా కళ్లలో నుంచి పోలేదు. ఒక మధ్యాహ్నం విశాలాక్షి గారు నా వెనక నిలబడి చూశారు.

"చెయ్యి తియ్యి అన్నపూర్ణా."

"పడిపోతుందేమోనండీ."

"పడనియ్యి. మీ అమ్మగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నీ పలక దిద్ది ఉంటే నీకీ ఉద్యోగం వచ్చేదా?"

అని ఊరుకోలేదు. లోపలికి వెళ్లి, ఖాతాదార్లంతా వాడుతుండగానే, ఒక సర్వరు తీగ ఊడబెరికి వచ్చారు. నేను కుర్చీలోంచి సగం లేచాను. కింది నుంచి రెండు టీలు తెప్పించి ఒకటి నా చేతికిచ్చారు. "తాగు. తెర వైపు చూడకు." నేను చేతులు గ్లాసు చుట్టూ బిగించి, మనసులో నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. టీ ఇంకా పొగలు కక్కుతుండగానే, పని మొత్తం మిగతావాటి మీదికి సర్దుకుంది. బయట ఎవరికీ తెలియలేదు. కింద మిరపకాయల బస్తాల తోపుడుబండి వాళ్లు ఎప్పటిలాగే అరుచుకుంటున్నారు.

విశాలాక్షి గారు గుడికి వెళ్లే మనిషి కాదు, వెళ్లేవాళ్లను ఏమీ అనే మనిషీ కాదు. ఆ రోజు గ్లాసు కింద పెడుతూ, "మీ దేవుడూ ఇదే పని చేసి ఉంటాడు. లోకం కట్టి, చెయ్యి తీసేసి ఉంటాడు" అన్నారు.

"తియ్యలేదండీ. కనపడనివ్వడం లేదు."

ఆవిడ నా వైపు తిరిగి చూసి, లోపలికి వెళ్లి, ఊడబెరికిన తీగ మళ్లీ పెట్టి వచ్చారు.

మరుసటి వానాకాలంలో ఆవిడకు గుండె ఆపరేషను అన్నారు. మంగళగిరి వైపు ఒక ఆసుపత్రిలో చేరారు. చేరేముందు ఆఫీసుకొచ్చి, సర్వర్లను ఆఫీసు బయట ఉండి లేపడానికి తన ఒక్కరి దగ్గరే ఉన్న తాళం లాంటి ఏర్పాటును కూడా తీసేశారు. "ఇప్పుడెవరి చెయ్యీ లేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవడం మొదటిసారి చూశాను. నేను ఎక్కలేక కూర్చున్న మెట్టు దగ్గరే ఆవిడా కూర్చున్నారు.

ఆపరేషను అయిన రెండోనాడే వరద. ఉద్యోగం వచ్చాక విజయవాడలో మేం చేరిన పేటలోకి నీళ్లు తెల్లారేసరికి నడుము లోతు వచ్చాయి. అమ్మా నేనూ మేడ మీదికి చేరాం. ఈ కాలుతో నీళ్లలో దిగే మాటే లేదు. కరెంటు పోయింది, ఫోను చచ్చిపోయింది. వన్ టౌన్ ఎలా ఉందో, ఆసుపత్రిలో ఆవిడ ఎలా ఉన్నారో తెలియదు. ఆకాశం గచ్చులా బిగుసుకుని ఉంది. ఎండ పొడ లేదు. కొల్లేటి మీదా ఇదే ముసురు ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఒకటే ఆలోచన, నాంచారమ్మ ఇంట్లో కూర్చుని ఫోను వస్తుందని చూస్తూ ఉంటుంది. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అంత కష్టమని నాకు అప్పటి దాకా తెలియదు. అమ్మ పక్కన కూర్చుని, పడవ మీద పంచిన పులిహోర పొట్లం విప్పుతూ, "నీ చేతిలో లేనిదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టు" అంది. పెట్టాను. ఆ చెయ్యి ఎవరిదని అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నీళ్లు తీసి, వీధిలో బురద ఎండుతుండగా, నాంచారమ్మ పాల వ్యాను పట్టుకుని వచ్చింది. ఆ మొదటి సంచి అప్పుడే. ఆమె మాట మొదట్లోనే చెప్పాను.

"నేను పిలవలేదు నాంచారమ్మా. నా ఫోనే చచ్చిపోయి ఉంది."

"నీ గొంతే కదమ్మా. మిషనులో ఉందని నాకూ తెలుసులే. అయినా మీట నొక్కేది నువ్వే కదా?"

"మీట లేదు. నొక్కేవాళ్లూ లేరు."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మరెవరు పిలిచారమ్మా నన్ను?"

నేనూ కోటేశ్వరరావు గారూ వన్ టౌన్ గది తెరిచి చూస్తే గానీ పూర్తిగా అర్థం కాలేదు. కరెంటు పోగానే సర్వర్లు బ్యాటరీలో ఎంత మిగిలిందో చూసుకున్నాయి. దుకాణాల బొమ్మలూ, చీరల ఫొటోలూ ముందు ఆపేశాయి. ఉన్న కాస్త ఓపికా చెరువుల పనికి దాచుకున్నాయి. జనరేటరు రాదని తేలాక, ఒత్తి కొండెక్కకముందే పక్క ప్రమిద వెలిగించినట్టు, చెరువుల పని మొత్తం హనుమాన్ జంక్షన్ గదికి అప్పజెప్పి, చక్కగా, ఏ అక్షరం చెడకుండా, తమను తాము ఆపుకున్నాయి. అక్కడి సర్వర్లు చెరువు నాడి చూశాయి. తగ్గిన క్షణాన నా గొంతుతో నాంచారమ్మను పిలిచాయి. నేను మేడ మీద ఏమీ చెయ్యలేక కూర్చున్న ఆ మధ్యాహ్నమే నా మాట కొల్లేటి గట్టుకు చేరింది. కోటేశ్వరరావు గారు చెప్పులు బయట విప్పి, ఆరిపోయి ఉన్న ఆ సర్వర్లకు దణ్ణం పెట్టారు. పువ్వులు మాత్రం తేలేదు.

ఆసుపత్రికి ఒక కొబ్బరికాయ పట్టుకుని వెళ్లాను. ఆవిడ బాగా చిక్కిపోయారు. గొంతు మాత్రం అలాగే ఉంది.

"నాంచారమ్మ చెరువు?"

"బతికిందండీ."

"ఎవరు చెయ్యి పెట్టారు?"

"ఎవరూ లేరండీ."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. సూది గుచ్చిన చెయ్యి దుప్పటి మీద నుంచి లేచి, రెండో చేతిని వెతుక్కుని, గుండెల మీద కలిసింది. అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చేతులు విప్పకుండానే, "ఆ రోజు నువ్వన్నావు కదా, కనపడనివ్వడం లేదని. దాని సంగతి నేను ఆలోచించుకుంటున్నా. తొందరపెట్టకు" అన్నారు. తరవాత, "ముందు ఆ కొబ్బరి కొట్టించు. డాక్టరు వచ్చేలోపు ఒక ముక్క తినాలి" అన్నారు.

మరుసటి వేసవిలో విశాలాక్షి గారు పోయారు. ఆవిణ్ణి కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లిన ఆ పూట ఆఫీసులో ఎవరూ లేరు, ఫోన్లు ఎవరూ చూడలేదు. తిరిగొచ్చి తెర చూస్తే, మేం లేనప్పుడు జంక్షన్‌లో ఒక సర్వరు పడి, లేచి, పనిలోకి వెళ్లిందని ఉంది. ఏ పేజీ ఆగలేదు. ఏ చెరువూ పిలుపు తప్పలేదు. ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆవిడ కోరుకున్నది అదే. నాకు మాత్రం ఆ రోజు ఒక్క పేజీ అయినా కాస్త తడబడి ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు ఆ గది బాధ్యత నాది. రోజూ పొద్దున దీపం పెట్టుకుని వెళ్లి, తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. ఏదైనా మందగిస్తే వేలు లేస్తుంది, వెంటనే ఆ పెద్ద గొంతు వినపడుతుంది. వేలు దింపుకుంటాను. అది పడుతుంది, లేస్తుంది. నాకు ఒళ్లు జలదరించడం ఇప్పటికీ మానలేదు.

వంతెన కట్టినవారి పేరు రాయి మీద ఉంటుంది. వంట బాగుంటే వండినవారిని అడుగుతాం. ఈ పనికి మాత్రం, బాగా జరిగినన్నాళ్లూ చేసినవారిని తలచుకునే సందర్భమే రాదు. అందుకే అడుగుతున్నాను. మీ ఫోనులో ఏదైనా పేజీ అడిగిన వెంటనే తెరుచుకున్నప్పుడు, ఏమీ ఆగనప్పుడు, ఏమీ చెడనప్పుడు, ఒక్క క్షణం విశాలాక్షి గారిని తలచుకోండి.